స్టీలు కొట్టు అమ్మగారి టాబ్లెట్

నర్సు ఉద్యోగంలో టాబ్లెట్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక్కటే, నీళ్ళతో మింగేది. అందుకే ఆ రోజు వార్డు కౌంటర్ దగ్గరికి ఒకాయన వచ్చి, "సిస్టర్ గారూ, అమ్మకి ఆపరేషన్ కదండీ, ఏ టాబ్లెట్ తీసుకోమంటారు?" అని అడిగితే తలెత్తకుండానే జవాబు చెప్పాను.

"డాక్టర్ గారు రాస్తారు బాబూ. ఆయన రాయనిది ఏదీ వెయ్యకండి."

ఆయన కౌంటర్ మీదికి వంగి, "మింగేది కాదండి, పట్టుకునేది" అన్నాడు.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఈ పట్టుకునే టాబ్లెట్ గురించే. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు ఇప్పుడు తలో ఆస్పత్రిలో ఉన్నారు. గొంతు ఆపరేషన్ పేషెంటు చేరగానే, "మేడమ్, ఏది కొనమని చెప్పమంటారు?" అని అడుగుతారు. నేను ఒక సైజు చెప్పి, నాలుగు జాగ్రత్తలు చెప్పి పెట్టేస్తాను. అసలు విషయం ఫోన్‌లో చెప్పడం కుదరదు, అది ఆ వస్తువులో లేదు కాబట్టి. అందుకని ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పేషెంట్ల పేర్లు బయట పెట్టలేదు, ఇప్పుడు పెట్టడానికీ కారణం లేదు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో క్యాన్సర్ ఆపరేషన్ల వార్డుకి హెడ్ నర్సుగా ఉండేదాన్ని. ఆ పెద్దావిడ కొవ్వూరు నుంచి వచ్చారు. అక్కడి బజారులో వాళ్ళకి స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. కొట్టు భర్త పేరున ఉన్నా నడిపేది ఆవిడే. ఆ సంగతి వాళ్ళింట్లో ఎవరూ దాచుకోరు. భర్త తూకం చూస్తారు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కొడుకు సరుకు తెప్పించడం చూస్తాడు. బేరం మాత్రం ఆవిడది. గొంతు బొంగురుపోతే బేరాలాడీ ఆడీ పోయిందనుకున్నారట ఇంటిల్లిపాదీ. మిరియాల కషాయం తాగించి, తేనె నాకించి కొన్ని నెలలు గడిపారు. ఊపిరి పీలుస్తుంటే ఈలలాగా చప్పుడు రావడం మొదలయ్యాక గానీ గోదావరి దాటి మా దగ్గరికి రాలేదు.

మా సర్జన్ గారు విషయాన్ని చక్కెరలో ముంచి చెప్పే రకం కాదు. భర్తనీ కొడుకునీ కూడా కూర్చోబెట్టుకుని, ఆవిడ ముఖం చూస్తూనే చెప్పారు.

"స్వరపేటిక మొత్తం తీసెయ్యాలమ్మా. గడ్డ ఊపిరి దారికి అడ్డం వస్తోంది. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతాం. ఇకమీదట శ్వాస అక్కణ్ణుంచి ఆడుతుంది."

"మరి మాటండీ?"

"మాట ఉండదు. కొన్ని నెలలయ్యాక చిన్న వాల్వు పెట్టి కొంత మాట తెప్పించే వీలుంది. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

"అయితే నాకొద్దండి" అన్నారావిడ.

కొడుకు గాబరా పడ్డాడు. "అమ్మా, ప్రాణం సంగతి..."

"నువ్వాగు. మాట లేకుండా నేను కొట్లో కూర్చుంటే బిందెల మధ్య ఇంకో బిందెలా ఉంటాను. దానికోసం మెడ కోయించుకోవాలా?"

కొడుకు నా కౌంటర్ దగ్గరికి వచ్చి టాబ్లెట్ గురించి అడిగింది ఆ మాట విన్న తర్వాతే. తల్లి మాటకి బదులుగా చేతిలో ఏదో ఒకటి పెడితే ఒప్పుకుంటుందని అతని ఆశ. అది తెలివితక్కువ ఆశేమీ కాదు.

ఆ రోజుల్లోనే మా దగ్గర ఒక స్పీచ్ థెరపిస్ట్ కొత్తగా చేరింది. చురుకైన పిల్ల, పని మీద ఇష్టం ఉన్న పిల్ల. మాట పోయిన పేషెంట్ల కోసం ఆస్పత్రి వాళ్ళు ఎప్పుడో కొన్న టాబ్లెట్ ఒకటి బీరువాలోంచి తీసి తెచ్చింది. అందులో బొమ్మలుంటాయి. గ్లాసు బొమ్మ నొక్కితే "నాకు నీళ్ళు కావాలి" అంటుంది. ఏడుపు ముఖం నొక్కితే "నాకు నొప్పిగా ఉంది" అంటుంది.

పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ఒక్కో బొమ్మా ఓపిగ్గా నొక్కారు. నీళ్ళు, నొప్పి, చలి, బాత్‌రూము, డాక్టరు. అన్నీ అయ్యాక తలెత్తి, "ఇంకా?" అన్నారు.

"ఇవేనండి. ముఖ్యమైనవన్నీ ఉన్నాయి."

"అంటే దాహం, నొప్పి, దొడ్డికి. ఇక నాకు వేరే మాటలు ఉండవా అమ్మా?"

ఆ పిల్ల నా వంక చూసింది. ఎన్నో ఏళ్ళుగా మేం ఆ బొమ్మలే చూపిస్తున్నాం. ఎవరూ ఈ మాట అడగలేదు. అడగాలనుకున్నవాళ్ళకి అప్పటికే మాట పోయి ఉండేది కాబోలు.

థెరపిస్ట్ ఇంకో ఉపాయం చెప్పింది. ఇప్పుడున్న గొంతుతోనే కొన్ని మాటలు రికార్డు చేసి పెట్టుకుంటే ఆ తర్వాత అవే నొక్కి వినిపించవచ్చు. ఆవిడ దానికీ ఒప్పుకోలేదు. "ఈ గొంతు నాదేంటమ్మా? ఇది జబ్బుది. దీన్ని దాచుకుని ఏం చేసుకోను?"

చివరికి దారి ఆవిడే చెప్పారు. బేరం కుదుర్చుకునేవాళ్ళు చెప్పినట్టే చెప్పారు. "రేపు భోజనాలయ్యాక నేను నోరు మూసుకుంటాను. దీపాలు పెట్టేదాకా తెరవను. మీరు ఏ టాబ్లెట్ ఇస్తారో ఇవ్వండి. దాంతో నేను నెగ్గుకొస్తే సంతకం పెడతాను. లేకపోతే మా ఇంటికి మమ్మల్ని పంపించెయ్యండి. ఎవరూ బతిమాలకూడదు."

సర్జన్ గారు సరేనన్నారు. బయటికొచ్చాక నాతో, "ఆవిడకి అంత టైము లేదు సిస్టర్. ఊపిరి దారి మూసుకుపోతే ఇంటి దగ్గర ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

దాంతో ఆ సాయంత్రం మా వార్డులో టాబ్లెట్ల పరీక్ష జరిగింది. కొడుకు అప్పటికే ఒకటి కొనుక్కొచ్చేశాడు. పెద్ద పలక అంత ఉంది, తళతళా మెరుస్తోంది, తోలు అట్ట కూడా వేయించాడు. దాన్ని మెచ్చుకోబోయి ఆగాను. వస్తువుని కౌంటర్ దగ్గర నిలబడి చూస్తే ఏమీ తెలియదు, పేషెంటులా పడుకుని చూడాలి. ఖాళీ మంచం తల వైపు ఎత్తి థెరపిస్ట్‌ని పడుకోమన్నాను. సెలైను పెట్టినట్టు ఒక చేతికి ప్లాస్టరు చుట్టాను. ఆయా నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

ఆ పెద్ద టాబ్లెట్‌ని మోకాళ్ళకి ఆనిస్తే జారింది. ఒంటిచేత్తో ఎత్తి పట్టుకుంటే కాసేపటికే మణికట్టు వణికింది. మూడోసారి జారినప్పుడు సరిగ్గా ఆ పిల్ల మెడ మీద వచ్చి పడింది. ఆపరేషన్ తర్వాత కుట్లు ఉండేది అక్కడే. కొడుకు దాన్ని పెట్టెలో పెట్టేశాడు. తోలు అట్ట సంగతి కూడా చెప్పాను. వార్డులో ప్రతి వస్తువునీ స్పిరిట్‌తో తుడుస్తాం. తోలు అందుకు పనికిరాదు.

బొమ్మల టాబ్లెట్‌లో మనం రాసింది చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉందని థెరపిస్ట్ కనిపెట్టింది. బాగానే చదివింది. ఐ.సి.యు. తలుపు దాటి లోపలికి పట్టుకెళ్తే మూగబోయింది. దానికి గొంతు ఇంటర్నెట్ నుంచి రావాలట, ఆ గోడల మధ్య ఇంటర్నెట్ అందదు. మాట అన్నిటికంటే అవసరమయ్యే గదిలోనే అది మాట్లాడదన్నమాట.

వాళ్ళ బజారులోనే సెల్ ఫోన్ల కొట్టు నడిపే బంధువు మర్నాడు పొద్దున మూడోది పంపించాడు. చిన్నది, అరచేతికన్నా కాస్త పెద్దది. రబ్బరు తొడుగు ఉంది, వెనక చెయ్యి దూర్చుకునే పట్టీ ఉంది. తెలుగు గొంతుని ముందే లోపలికి దింపి పెట్టుకోవచ్చు. కొడుక్కి అది నచ్చలేదు, మరీ చిన్నదిగా, పాతదిగా ఉందన్నాడు. పెద్దావిడ దాన్ని చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూసి, ఒకటే అడిగారు.

"గట్టిగా అరుస్తుందా?"

అరిచింది. పక్క గదిలోంచి అటెండర్ తొంగి చూశాడు. ఆవిడ తల ఊపి పక్కన పెట్టుకున్నారు.

భోజనాలయ్యాయి. ఆవిడ నోరు మూసుకున్నారు.

మొదటి చిక్కు వెంటనే వచ్చింది. ఆవిడకి టైపు చెయ్యడం రాదు. ఫోన్‌లో ఎవరికైనా చెప్పాలంటే మాట రికార్డు చేసి పంపడమే అలవాటు. తెర మీద వేలితో రాస్తే అక్షరాలుగా మార్చుకునే పద్ధతి ఉందని థెరపిస్ట్ చూపించింది. ఆవిడ రాత గొలుసుకట్టు, చెయ్యి ఎత్తకుండా చకచకా సాగిపోతుంది. మనుషులు చదవగలరు, యంత్రం చదవలేకపోయింది. ఆయా పాలు తెస్తే "పాలు వద్దు" అని రాశారు. టాబ్లెట్ వార్తలు చదివే గొంతుతో వార్డంతా వినపడేలా "పాలు ముద్దు" అంది. అందరం నవ్వాం. ఆవిడ కూడా చప్పుడు లేకుండా నవ్వి, అప్పటినుంచి అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా దిద్దడం మొదలుపెట్టారు. రాత చక్కబడింది గానీ నెమ్మదించింది.

ఇబ్బంది మొదలైంది అక్కడే. నేను బి.పి. చూడటానికి వెళ్ళి, "తల నొప్పేమైనా ఉందా అమ్మా?" అన్నాను. ఆవిడ వేలు కదిపేలోపే "నిద్ర పట్టిందా రాత్రి?" అన్నాను. ఆ జవాబు కూడా రాకముందే కాగితం మీద అంకె రాసుకుని వెనక్కి తిరిగాను. వెనకనుంచి టాబ్లెట్ "లేదు" అంది. తల నొప్పి లేదనా, నిద్ర లేదనా? మళ్ళీ అడగాల్సి వచ్చింది. థెరపిస్ట్ నాకన్నా రెండాకులు ఎక్కువే, ఆవిడ రాస్తుండగానే మాట ఊహించి పూర్తి చేసేసేది. "నీ..." అనగానే "నీళ్ళా అండీ?" అనేది. ఆవిడ రాయబోయింది నీళ్ళు కాదు, "నీకు పెళ్ళయిందా" అని.

సాయంత్రం పెద్దావిడే అసలు పరీక్ష పెట్టారు. సామాన్లు కొనడానికి వచ్చిన మనిషిలా నటించమని కొడుక్కి రాసి చూపించారు. అతను స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాడు. "గృహప్రవేశానికి సామాన్లు కావాలండి. కాగు ఎంత? పక్క కొట్లో ఇంతకన్నా మందంగా ఉందే. మూత ఇస్తారా? డబ్బాలు ఏమున్నాయి, చూపించండి." అతన్ని తప్పు పట్టలేం. కొనడానికి వచ్చేవాళ్ళు నిజంగా అలాగే మాట్లాడతారు. ఆవిడ మొదటి ప్రశ్నకి జవాబు దిద్దుతుండగా అతను నాలుగోది అడిగేశాడు. ఆవిడ అది తుడిచి ఇంకోటి మొదలుపెట్టారు. టాబ్లెట్ నోరు విప్పేసరికి అతను డబ్బాల దగ్గర ఉన్నాడు, అది కాగు గురించి చెబుతోంది.

"అమ్మా, వాళ్ళు పక్క కొట్టుకి వెళ్ళిపోయారే" అన్నాడతను నవ్వుతూ. తేలిక చెయ్యాలనే అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ టాబ్లెట్‌ని దుప్పటి మీద బోర్లా పెట్టి గోడ వైపు తిరిగి పడుకున్నారు. కొడుకు ముఖం చూడలేకపోయాను. థెరపిస్ట్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఇక డిశ్చార్జి కాగితాలు సిద్ధం చెయ్యమని చెప్పాలేమో అనుకున్నాను. బతిమాలకూడదన్న మాట మాకు గుర్తుంది.

భర్త అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చునే ఉన్నారు. ఆయన లేచి వచ్చి కొడుకుని స్టూలు మీద నుంచి లేపి తాను కూర్చున్నారు. కాసేపు ఆవిడ వీపు వంక చూసి, "కాగు ఎంతకిస్తారమ్మా?" అని అడిగారు.

అడిగి ఊరుకున్నారు.

ఆవిడ కదల్లేదు. ఆయన రెండోసారి అడగలేదు. దగ్గలేదు, మా వంక చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొట్లో తక్కెడ ముల్లు నిలబడేదాకా చూస్తారే, అలా కూర్చున్నారు. నాకైతే ఆ నిశ్శబ్దంలో ఏదో ఒకటి మాట్లాడాలని నాలుక దురద పుట్టింది. చాలాసేపటికి ఆవిడ ఇటు తిరిగారు. టాబ్లెట్ అందుకుని రాశారు.

"ఎంతమందికి వంట?" అంది టాబ్లెట్.

"యాభై మందికండి."

మళ్ళీ ఊరుకున్నారు. ఆవిడ రాశారు. "అయితే ఇది చాలదు. పెద్దది చూడండి."

"మూత ఊరికే ఇస్తారా?"

ఈసారి ఆవిడ వేలు త్వరత్వరగా కదిలింది. "మూత లేకుండా కాగు అమ్మను. గరిటె మాత్రం అడక్కండి."

"గరిటె కూడా ఇవ్వచ్చు కదండీ" అన్నారాయన.

ఆవిడ రాయడానికి వేలు ఎత్తి, ఆగి, ఆయన ముఖంలోకి చూసి, పెట్టుకున్న నియమం మరిచిపోయి బొంగురు గొంతుతో నవ్వేశారు. "ఈయనకి ఎప్పుడూ బేరం ఆడటం రాదండీ సిస్టర్ గారూ. పోయి పోయి గరిటె దగ్గర పట్టుకుంటారు."

దీపాలు పెట్టడానికి ఇంకా టైముంది. నియమం ప్రకారం ఆవిడ ఓడిపోయినట్టే. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కళ్ళు తుడుచుకుని కాగితం అడిగి, గొలుసుకట్టులో సంతకం చేసి ఇచ్చారు. భర్త తిరిగి మూల కుర్చీలోకి వెళ్ళిపోయారు. తానేదో చేశానని ఆయన అనుకున్నట్టు లేదు.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. సెలైను ఎడమ చేతికే పెట్టమని మత్తు డాక్టర్ గారికి ముందే చెప్పి ఉంచాం. అన్నీ చూసుకున్నాం అనుకున్నాం. మర్నాడు ఉదయం నేను ఐ.సి.యు.కి వెళ్ళేసరికి ఆవిడ మెలకువగా ఉన్నారు. కుడి చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ వెతుకుతోంది. టాబ్లెట్ లేదు. రాత్రి డ్యూటీ నర్సు, కొత్తగా చేరిన అమ్మాయి, ఖరీదైన వస్తువు పోతుందేమోనని లాకరులో పెట్టి తాళం వేసింది. జాగ్రత్త కోసమే చేసింది. నాకు మాత్రం కోపం ఆగలేదు.

"ఆవిడ నోరు తీసి లాకరులో పెట్టావు, తెలుసా? రాత్రంతా ఆవిడ ఎవరితో చెప్పుకోవాలి?" అని అక్కడే, అందరి ముందూ అరిచాను. ఆ అమ్మాయి ఏడుస్తూ తాళం తీసింది.

టాబ్లెట్ చేతికి ఇచ్చాక పెద్దావిడ రాయడం మొదలుపెట్టారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, అక్షరాలు వంకరపోతున్నాయి. నొప్పి అంటారో, దాహం అంటారో అని నేను సూది మందు సంగతి ఆలోచిస్తున్నాను. ఆ వార్తల గొంతు ఐ.సి.యు. అంతా వినిపించేలా చెప్పింది.

"ఆ పిల్లని నేను తిడతాను. మీరు ఊరుకోండి."

ఏడుస్తున్న అమ్మాయి కూడా నవ్వింది. అన్నట్టే వార్డులో ఉన్నన్నాళ్ళూ ఆ అమ్మాయిని పిలిపించుకుని మరీ తిట్టారు, ఎప్పుడూ గుండ్రటి అక్షరాల్లోనే. వెళ్ళేటప్పుడు స్టీలు క్యారియరు పంపిస్తానన్నారు. పంపించారు కూడా.

ఆ తర్వాత మా వార్డులో ఒక పద్ధతి పెట్టాను. మాట పోయిన పేషెంటు దగ్గరికి వెళ్తే ఒక ప్రశ్న అడిగి ఊరుకోవాలి. జవాబు పూర్తయ్యేదాకా రెండోది అడగకూడదు, వాళ్ళ మాట మనం పూర్తి చెయ్యకూడదు. చెప్పడానికి ఎంత చిన్నదో చెయ్యడానికి అంత కష్టం. వార్డులో ఎవరికీ తీరిక ఉండదు. నేనే ఎన్నోసార్లు తప్పాను. మీరూ తప్పుతారు. తప్పినప్పుడు కనీసం వెనక్కి తిరిగి రండి.

ఇక్కడితో ఆపేయవచ్చు గానీ ఇంకొకటి ఉంది.

ఆపరేషన్ తర్వాత రేడియేషన్ కూడా పూర్తయి, ఆ పెద్దావిడ ఒకసారి చూపించుకోవడానికి వచ్చారు. మెడకి తెల్లటి నూలు గుడ్డ కట్టుకున్నారు. వాల్వు ఇంకా పెట్టలేదు. భర్త కూడా ఉన్నారు. కొట్టు నడుస్తోందని, ఆవిడ రాసేదాకా ఆగలేనివాళ్ళు కొందరు వెళ్ళిపోతున్నారని, ఆగేవాళ్ళు ఆగుతున్నారని ఆయన చెప్పారు.

వారం నుంచి మా దగ్గరికి తిరుగుతున్న జంగారెడ్డిగూడెం లారీ డ్రైవరు ఒకతను అదే రోజు వచ్చి ఉన్నాడు. పామాయిల్ గెలలు తోలే మనిషి. అదే జబ్బు, అదే ఆపరేషన్. అతను కూడా వద్దంటున్నాడు. వారం నుంచి భార్య ఏడుస్తోంది. సర్జన్ గారు చెప్పారు, థెరపిస్ట్ చెప్పింది, నేను చెప్పాను. అలవాటైపోతుందని, ఏమీ కాదని, ఎంతోమంది హాయిగా ఉన్నారని. అతను అన్నిటికీ తల ఊపి, "ఆలోచించుకుంటానండి" అంటున్నాడు. ఇంటికి వెళ్ళిపోయే మనిషి తల ఊపే తీరు మాకు తెలుసు.

పెద్దావిడని అడిగి, అతన్ని తీసుకొచ్చి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చోబెట్టాను. అతను ఆవిడ మెడ వంక చూసి చూపు తిప్పుకున్నాడు. అటు చూస్తూనే అడిగాడు.

"కష్టంగా ఉంటుందా అమ్మా?"

ఆవిడ టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. చాలాసేపు రాశారు. డ్రైవరు ఏదో అనబోతే భర్త చెయ్యి చిన్నగా ఎత్తారు, అతను ఆగాడు. మేమందరం ఆగాం. ఆవిడ రాసింది మొత్తం ఒకసారి చదువుకున్నారు. తుడిచేశారు. మళ్ళీ కొంచెం రాసి, అదీ తుడిచేశారు. తర్వాత ఒక్క మాట రాసి నొక్కారు.

"ఉంటుంది" అంది టాబ్లెట్.

డ్రైవరు ఆవిడ వంక నేరుగా చూడటం అదే మొదటిసారి. వారం నుంచి మేం ఎవ్వరం ఆ మాట అనలేదు. అతను రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించాడు. తర్వాత లేచి భార్య దగ్గరికి వెళ్ళి, "బట్టలు తెచ్చావా? ఇవాళే చేరిపోదాం" అన్నాడు.